గిల్డ్ ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ చెడుతుంది

క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే ఫోను ఆట తెరిచి, క్లాన్ (కలిసి ఆడే గుంపు, ఇంకో పేరు గిల్డ్) వెతికే గడిలో "తెలుగు" అని కొట్టండి. కిందికి లాగుతున్నకొద్దీ పేర్లు వస్తూనే ఉంటాయి. పేరు చివర ఎస్‌కేఎల్‌ఎం అని ఉంటే శ్రీకాకుళం కుర్రాళ్లదని, వీజెడ్‌ఎం అని ఉంటే విజయనగరం వాళ్లదని ఊహించుకోవాలి. ఆట లోపల ప్రాంతం ఎంచుకునే వీలు "ఇండియా" దగ్గరే ఆగిపోతుంది, జిల్లా దాకా రాదు. ఇక వివరణల్లో అందరిదీ ఒకటే పాట: యాక్టివ్ ప్లేయర్లు మాత్రమే, రెండు ఎటాక్‌లు తప్పనిసరి, డొనేషన్ ఇవ్వాలి, బూతులు వద్దు. ఇరవై క్లాన్‌ల బోర్డులు చదివినా మనకి సరిపడేది ఏదో తేలదు. తేల్చే సంగతులు ఆ బోర్డు మీద ఎవరూ రాయరు మరి. వాళ్లు ఏ వేళకి ఆడతారు, వచ్చింది ఎలా పంచుకుంటారు, ఒకడు తప్పితే మిగతావాళ్లు ఏమంటారు? ఈ మూడింట్లో మొదటిది కుదరకపోతే మిగతా రెండూ ఎంత బాగున్నా ఆ గిల్డ్‌లో నాలుగు వారాలు నిలవడం కష్టం.

## పేర్లు వేరు, పని ఒకటే

ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో గిల్డ్ అంటారు. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా)లో, క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో క్లాన్. ఫైనల్ ఫాంటసీ 14లో ఫ్రీ కంపెనీ. యూరప్‌లో పూర్వం చేతిపనివాళ్లు, వర్తకులు పెట్టుకున్న సంఘాల పేరే గిల్డ్. మన పాత శాసనాల్లో "శ్రేణి" అని కనబడేది దాదాపు అదే. ఆటలో దాని అర్థం సులువు: ఒక పేరు కింద చేరి, ఒకరికొకరు సాయపడుతూ, విడిగా ఆడితే రాని బహుమతులు కలిసి సంపాదించే గుంపు.

ఎంతమంది పడతారన్నది ఆటని బట్టి మారుతుంది. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో 50, ఆల్బియన్ ఆన్‌లైన్‌లో 300, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 1000. ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో గిల్డ్‌కి 500 మంది పడతారు, పైగా ఒకే ఆటగాడు ఐదింటిలో ఉండొచ్చు, అమ్మకాలకి ఒకటి, యుద్ధానికి ఒకటి, కబుర్లకి ఒకటి అన్నట్టు. క్లాష్‌లో ఆ వెసులుబాటు లేదు. ఒక ఐడీకి ఒకటే క్లాన్. అందుకే అక్కడ ఎంపిక తప్పితే నొప్పి ఎక్కువ, ఈ వ్యాసంలో ఉదాహరణలు ఎక్కువగా అక్కడి నుంచే రావడానికీ అదే కారణం.

## తప్పెటగుళ్లు ఒక రకం, చేబదులు ఇంకో రకం

గిల్డ్ ఆటలన్నీ ఒక జాతివి కావు. కొన్ని తప్పెటగుళ్లు లాంటివి. అందరూ ఒకే వేళకి వలయం కట్టాలి, ఒకడి అడుగు తప్పితే చూసేవాళ్లందరికీ తెలుస్తుంది. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ స్క్వాడ్‌లు, వార్‌క్రాఫ్ట్ రైడ్‌లు (పెద్ద శత్రువు మీదికి జట్టుగా వెళ్లే దాడులు) ఈ కోవలోవి. ఇంకొన్ని చేబదులు లాంటివి. నాకు అవసరమైనప్పుడు నువ్వు ఇస్తావు, నీకు అవసరమైనప్పుడు నేను ఇస్తాను, ఇద్దరం ఒకే నిమిషంలో ఎదురుపడనక్కర్లేదు. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో సైన్యం డొనేట్ చేయడం అచ్చంగా చేబదులే.

ఈ తేడా పట్టించుకోకపోతే లెక్క మొదట్లోనే తప్పుతుంది. స్క్వాడ్ ఆటలో గిల్డ్ మొత్తం సంఖ్యకి విలువ తక్కువ. మీరు ఆడే గంటలో పచ్చ చుక్క వెలిగే పేర్లు ఎన్ని? రాత్రి 9కి ఆరుగురు ఉన్నారనుకోండి, నలుగురితో ఒక స్క్వాడ్ నిండుతుంది, ఇద్దరు మిగిలిపోతారు. ఏడుగురుంటే ముగ్గురు. కొత్తగా చేరినవాడే ఆ మిగిలినవాళ్లలో ఉంటాడు, ఎందుకంటే పాత నలుగురికీ ఒకరి ఆట ఒకరికి అలవాటు. కాబట్టి 50 మంది ఉన్న గిల్డ్‌లో రోజూ అదే నలుగురు కలిసి ఆడుతుంటే, బయటివాడికి అది నలుగురి గిల్డే. పదకొండు మంది ఉండి, వాళ్లలో ముగ్గురు రోజూ నాలుగోవాడి కోసం వెతుక్కుంటుంటే అది మీకు ఖాళీ ఉన్న చోటు.

చేబదులు ఆటలో ఇలా కాదు. అక్కడ ఒకేసారి ఎందరున్నారన్నది ముఖ్యం కాదు, ఇరవైనాలుగు గంటల్లో ఏదో ఒక వేళ ఎవరో ఒకరు ఉన్నారా అన్నదే ముఖ్యం. అర్ధరాత్రి సైన్యం అడిగితే తెల్లారేదాకా ఎవరూ ఇవ్వకపోతే, అందరూ ఒకే కాలేజీ కుర్రాళ్లని, పన్నెండుకి పడుకుంటున్నారని అర్థం.

## గడియారం లెక్క: వార్ 47 గంటలు

క్లాష్ వార్‌లో, అంటే రెండు క్లాన్‌లు ఒకరి ఊళ్ల మీద ఒకరు దాడి చేసే పోటీలో, 23 గంటలు సన్నాహం, 24 గంటలు యుద్ధం. మొత్తం 47, రెండు రోజులకి ఒక గంట తక్కువ. ఈ ఒక్క గంట తరుగుని చాలామంది నాయకులు కూడా గమనించరు.

నాయకుడు ఆదివారం రాత్రి 10కి వార్ వెతికాడనుకుందాం, వెంటనే జోడీ దొరికింది. యుద్ధం సోమవారం రాత్రి 9కి మొదలై మంగళవారం రాత్రి 9కి ముగుస్తుంది. అక్కడికక్కడే ఇంకో వార్ పెడితే అది గురువారం 8కి ముగుస్తుంది. ఆ తర్వాతది శనివారం 7కి, ఆ పైది సోమవారం సాయంత్రం 6కి. నాలుగు వార్‌లయ్యేసరికి, చివరి గంట, ఉద్యోగాలు చేసేవాళ్లు బస్సులోనో బండి మీదో ఉండే వేళకి జరిగిపోయింది. జోడీ దొరకడానికి పట్టే నిమిషాలు కొంత వెనక్కి నెడతాయి గానీ ఆ గంటని పూడ్చవు. తెలిసిన నాయకుడు ఏం చేస్తాడంటే, వార్ ముగిశాక గంట ఆగి, మళ్లీ 10కే వెతుకుతాడు. క్లాన్ వార్‌లు వరసగా ఎప్పుడు ముగుస్తున్నాయో చూస్తే నాయకుడు గడియారం చూసే మనిషో కాదో తెలిసిపోతుంది.

చివరి గంటకి ఇంత విలువ ఎందుకు? పది మంది వార్ తీసుకోండి. ఒక్కొక్కరికి రెండు ఎటాక్‌లు, మొత్తం 20. ఎదుటి ఊరికి మూడు చొప్పున గరిష్ఠంగా 30 నక్షత్రాలు. మొదటి పది ఎటాక్‌లలో ఏడుగురు మూడేసి తెచ్చారు, ముగ్గురు రెండేసి. 27 అయ్యాయి. ఇంక కావలసినవి మూడే నక్షత్రాలు, చేతిలో పది ఎటాక్‌లు ఉన్నాయి. అంటే రెండో ఎటాక్‌లలో చాలావాటి అవసరమే రాదు. కానీ ఆ మిగిలిన మూడు ఊళ్లనీ పడగొట్టగల ఇద్దరు ముగ్గురు చివర్లో మేలుకుని ఉండాలి. వాళ్లు నిద్రపోతే 27 దగ్గరే ఆగుతుంది, ఎదుటి క్లాన్ 28తో గెలుస్తుంది. "రెండు ఎటాక్‌లు తప్పనిసరి" అన్న నియమం అందరికీ ఒకేలా పెట్టడం కంటే, చివర్లో ఊడ్చడానికి ఎవరుంటారో ముందే చెప్పుకోవడం మేలు చేస్తుంది.

ఇప్పుడు పైడిభీమవరంలో మందుల కంపెనీలో మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా షిఫ్టు చేసే మనిషి సంగతి. ఇంటికి చేరి అన్నం తిని ఫోను పట్టేసరికి 11:30. పైన చెప్పిన క్లాన్‌లో మంగళవారం రాత్రి 9కి ముగిసే వార్‌లో అతను చివర ఊడ్చే మనిషి కాలేడు. కానీ సోమవారం రాత్రి 11:30కీ, మంగళవారం పొద్దున్న తొమ్మిదికీ హాయిగా రెండూ వేసేయగలడు. ముందు వేసేవాళ్లలో అతను ఉంటాడు. ఇది అడిగి తెలుసుకోవలసిన మాట. చేరేముందు ఒక చిన్న సందేశం చాలు (టౌన్‌హాల్ అంకె అంటే ఆటలో మన ఊరి స్థాయి):

"అన్నా నమస్తే. టౌన్‌హాల్ 13. బీ షిఫ్టు, రాత్రి 11 దాటాకే ఆన్‌లైన్. వార్ ఎన్నింటికి పెడతారు?"

దీనికి "ఎప్పుడైతే ఏటి, ఎటాక్ ఏస్తే సాలు" అని జవాబు వస్తే అక్కడ వేళ అంటూ లేదు. "ఆదివారం, బుధవారం పదింటికి. నువ్వు రెండూ ముందేసీ బావూ, లాస్టు మేం సూసుకుంటాం" అని వస్తే, అక్కడ ఎవరో కూర్చుని పనులు పంచుతున్నారు. రెండో జవాబు ఇచ్చిన క్లాన్ లెవెల్ తక్కువైనా అటే మొగ్గాలి.

## బయటి దేశాల సర్వర్లు, బయటి దేశాల్లో మనవాళ్లు

పీసీ ఆటల్లో ఇబ్బంది ఇంకో రకం. యూరప్ గిల్డ్ "రైడ్ రాత్రి 8కి" అంటే అది వాళ్ల రాత్రి 8. పారిస్ వేళ ప్రకారం చలికాలంలో మనకి రాత్రి 12:30, ఎండాకాలంలో 11:30. మార్చి చివరి ఆదివారం వాళ్లు గడియారం గంట ముందుకి జరుపుతారు, అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి. మన గడియారం కదలదు. అందుకే సెప్టెంబరులో సరిపోయిన గిల్డ్ నవంబరులో సరిపోదు, మూడు గంటల రైడ్ తెల్లవారుజామున మూడున్నరకి ముగుస్తుంది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ రాత్రి 8 అంటే మనకి మధ్యాహ్నం 3:30, అక్కడి వేసవిలో 2:30. రాత్రి డ్యూటీ వాళ్లకి, సాయంత్రం దుకాణం తీసేవాళ్లకి ఇది వరం, కాలేజీకి వెళ్లేవాళ్లకి పనికిరాదు. సింగపూర్ వేళ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడి రాత్రి 10 మనకి 7:30.

శ్రీకాకుళం వాళ్లు పెట్టుకున్న క్లాన్ అంటే అందరూ ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కలే ఉంటారని అనుకోకూడదు. హైదరాబాదులో ఒకడు, చెన్నైలో ఒకడు, దుబాయ్‌లో ఇద్దరు, ఓడ మీద ఒకడు ఉంటాడు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సౌదీ, ఖతార్, కువైట్ రెండున్నర గంటలు వెనక. చేబదులు ఆటకి ఇది లాభమే. మనం పడుకున్నాక కువైట్‌లో ఉన్నవాడు ఇంకా మేలుకుని ఉంటాడు, రాత్రి 12 దాటాక అడిగిన సైన్యం అతనే ఇస్తాడు. స్క్వాడ్ ఆటకి ఇదే చిక్కు.

## ప్రొఫైల్‌లో ఏది నమ్మాలి

క్లాన్ లెవెల్ చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ. లెవెల్ పెరిగేకొద్దీ కొన్ని సౌకర్యాలు వస్తాయి, డొనేట్ చేసిన సైన్యం బలం పెరగడం వాటిలో ముఖ్యమైనది. అయితే ఆ సౌకర్యాలు లెవెల్ 10తో దాదాపు పూర్తయిపోతాయి. లెవెల్ 11 క్లాన్‌కీ, 24 క్లాన్‌కీ మధ్య మీ ఆటకి వచ్చే లాభంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 24 అంటే చాలా ఏళ్లుగా వార్‌లు ఆడారని అర్థం, ఆడినవాళ్లు ఇంకా ఉన్నారని కాదు.

డొనేషన్ల వరస చాలా నిజాయతీగా మాట్లాడుతుంది. ప్రతి సీజన్ మొదట్లో అందరి అంకె సున్నాకి వస్తుంది, కాబట్టి సీజన్ మధ్యలో చూడాలి. 50 మందిలో 19 మంది పక్కన ఇచ్చినదీ సున్నా, తీసుకున్నదీ సున్నా అయితే అది 31 మంది క్లాన్. ఒక్కడు 6000 ఇచ్చి, మిగతావాళ్లు వందల్లో ఉంటే ఆ ఒక్కడి మీద ఇల్లు నిలబడి ఉంది. అతనికి పరీక్షలో పెళ్లో వచ్చిన నెల అందరూ సాయం సైన్యం లేని ఖాళీ కోటలతో వార్‌కి వెళతారు.

వార్ లాగ్‌ని, అంటే పాత వార్‌ల పట్టికని, దాచిపెట్టే వీలుంది, దాచడం నేరమేం కాదు. తెరిచి ఉంటే గెలుపోటములకంటే ముందు వార్ పరిమాణం చూడండి. వరసగా పదిహేను గెలుపులు, అన్నీ ఐదుగురి వార్‌లే అయితే, ఆ ఐదుగురిలో మీకు చోటు రాకపోవచ్చు. పదిహేను మంది వార్‌లో 45కి 22 నక్షత్రాలతో ఓడిన వరసలు కనబడితే ఆట రాకపోవడం కంటే ఎటాక్‌లు వేయకపోవడమే కారణమై ఉంటుంది. చేరాక నడుస్తున్న వార్ తెరిస్తే ఎవరు ఎన్ని వేశారో పేరుపేరునా కనబడుతుంది.

ఇంకొక చోట చూడొచ్చు, అదే క్లాన్ గేమ్స్, అందరూ చిన్న చిన్న పనులు చేసి పాయింట్లు కూడబెట్టే పోటీ. సాధారణంగా నెలలో 22 నుంచి 28 దాకా జరుగుతాయి. ఒక్కొక్కరు గరిష్ఠంగా 4000 పాయింట్లు తేగలరు, పై మెట్టుకి 50,000 కావాలి. భాగిస్తే పన్నెండున్నర. అంటే పూర్తిగా ఆడేవాళ్లు 13 మంది ఉంటే చాలు. 45 మంది ఉండి ఆ మెట్టు అందుకోలేని క్లాన్‌లో పూర్తిగా ఆడేవాళ్లు పన్నెండు మందికి మించరు. అంతకంటే మంచి జనాభా లెక్క ఆటలో దొరకదు.

## పంపకం దగ్గరే పేచీ

చెడిన గిల్డ్‌ల సంగతి కదిపితే, చెడింది ఓడిపోయినప్పుడు కాదు, గెలిచాక వచ్చింది పంచుకునే దగ్గర. ఈ తలనొప్పికి ఆన్‌లైన్ ఆటలంత వయసుంది. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో పెద్ద డ్రాగన్‌ని చంపడానికి డజన్లకొద్దీ జనం కావాలి, చచ్చాక దొరికేవి రెండు మూడు వస్తువులు. అక్కడే పుట్టింది డీకేపీ అనే పద్ధతి, డ్రాగన్ కిల్ పాయింట్స్. రైడ్‌కి వచ్చిన ప్రతిసారీ పాయింట్లు జమ, వస్తువు తీసుకుంటే కోత. రైడ్‌కి 10 చొప్పున వారానికి రెండు రైడ్‌లు అనుకుంటే, ఇరవై వారాలు వచ్చిన పాతవాడి ఖాతాలో 400, మూడు వారాల కొత్తవాడి దగ్గర 60. వస్తువు ధర 200 అయితే పాతవాడు కొనుక్కున్నాక కూడా ఇంకా 200 మిగులుతాయి, ఇంకోటి కొనగలడు. కష్టానికి తగ్గ ఫలం అని పాతవాళ్లు అంటారు. కొత్తవాళ్లు ఎప్పటికీ అందుకోలేని అప్పు అంటారు. ఇద్దరి మాటా నిజమే.

దీనికి విరుగుడుగా వచ్చింది పెద్దమనుషుల పద్ధతి, అంటే నలుగురైదుగురు కూర్చుని ఎవరికిస్తే జట్టుకి లాభమో వాళ్లకివ్వడం. జట్టు త్వరగా బలపడుతుంది, నిజమే. కానీ పెద్దమనిషి తమ్ముడికి వరసగా రెండుసార్లు వస్తే మూడోసారికి ఆ పంచాయితీ మీద నమ్మకం పోతుంది. పాచిక వేసి 1 నుంచి 100లో ఎక్కువ పడ్డవాడికివ్వడం ఇంకో దారి. ఎవరినీ అనడానికి లేదు, కాకపోతే నిన్న వచ్చినవాడు ఎగరేసుకుపోతాడు. ఆల్బియన్‌లో వస్తువుల పేచీకి తోడు పన్ను ఉంటుంది. గిల్డ్ 10 శాతం పన్ను పెడితే మీరు 50,000 వెండి తెచ్చిన చోట 5,000 ఖజానాకి పోతుంది. యుద్ధంలో చచ్చి సరుకంతా పోగొట్టుకున్నవాళ్లకి ఆ ఖజానా నుంచి కొత్త సరుకు ఇస్తున్నారా అన్నది అడగాలి. ఇస్తుంటే 10 శాతం ఎక్కువ కాదు, ఇవ్వకపోతే 5 శాతం కూడా దండగే.

క్లాష్‌లో ఈ గొడవ వార్ లీగ్ దగ్గర వస్తుంది. 2018 నుంచి నెలనెలా జరిగే ఈ లీగ్‌లో ఎనిమిది క్లాన్‌ల గుంపు, ఏడు వార్‌లు, వార్‌కి మనిషికి ఒకటే ఎటాక్. పదిహేను మంది రకంలో ఉన్న చోట్లు 15 ఏడులు 105. క్లాన్‌లో ఇరవై మంది ఆడతామంటే? సమంగా పంచితే తలా ఐదు వార్‌లు, ఇంకా ఐదు చోట్లు మిగులుతాయి. బలమైన పదిహేను మందినే ఏడుసార్లూ దింపితే క్లాన్ పై లీగ్‌కి ఎక్కే అవకాశం ఎక్కువ, ఐదుగురు మాత్రం నెలంతా బెంచీ మీద. ఇక్కడ ఒక చిన్న నియమం చాలామందికి తెలియదు: లీగ్ మొత్తంలో ఎనిమిది నక్షత్రాలు తెచ్చుకుంటే మీ వంతు పతకాలు పూర్తిగా వస్తాయి. ఐదు వార్‌లలో గరిష్ఠంగా 15 నక్షత్రాలు, సగటున రెండేసి తెచ్చినా ఎనిమిది దాటుతాయి. కాబట్టి వంతులు వేస్తే ఆడేవాళ్ల పతకాల వంతుకి నష్టం లేదు, క్లాన్ మెట్టు మాత్రం తగ్గవచ్చు. ఏది కావాలో క్లాన్ ముందే తేల్చుకోవాలి. దీనికి తోడు నాయకుడు తనకి నచ్చినవాళ్లకిచ్చే బోనస్ పతకాలు ఉంటాయి, లీగ్ స్థాయిని బట్టి, గెలిచిన వార్‌ల సంఖ్యని బట్టి కొన్ని. గత నెల ఆ బోనస్‌లు ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు అని అడిగితే నాయకుడు వెంటనే చెప్పగలిగితే నియమం ఉన్నట్టు. "అది మాకు తెలుసులే" అంటే లేనట్టు.

## నాయకుడి సంగతికి విజయనగరం పాఠం ఒకటి

1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ విజయనగరం రాజకుమారుడు విజ్జీ. హోదా, డబ్బు, పలుకుబడి ఆ పదవి తెచ్చాయి గానీ బ్యాటు కాదు. ఆయన టెస్టు సగటు 8.25. మొదటి టెస్టు ఆడకముందే, జట్టులో ఊపు మీదున్న లాలా అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో ఓడెక్కించి వెనక్కి పంపారు. మూడు టెస్టుల్లో రెండు ఓడాం, ఒకటి డ్రా. అయితే ఇదే విజ్జీ 1930–31లో హాబ్స్, సట్‌క్లిఫ్‌ల లాంటి దిగ్గజాల్ని తన ఖర్చుతో మన దేశానికి రప్పించి ఆడించాడు. ఖర్చు పెట్టేవాడు ఆటకి అవసరమే. మైదానంలో ఎవరిని దింపాలో కూడా అతనే తేల్చడం దగ్గర చిక్కొచ్చింది.

గిల్డ్‌లలో ఇది రోజూ చూసేదే. జెమ్స్‌కి (ఆటలో డబ్బిచ్చి కొనే రత్నాలకి) ఎక్కువ పోసినవాడు నాయకుడు. అది తప్పేమీ కాదు, వార్‌లో ఎవరుండాలో ఇంకొకరు చూస్తుంటే. కో-లీడర్లు ఎందరున్నారో లెక్కపెట్టండి. క్లాష్‌లో కో-లీడర్ వార్ మొదలుపెట్టగలడు, సభ్యుల్ని గెంటేయగలడు. స్నేహం కొద్దీ ఇరవై మందికి ఆ హోదా ఇచ్చేసిన క్లాన్‌ని అలిగిన ఒక్కడు ఒక్క రాత్రిలో సగానికి పైగా ఖాళీ చేయగలడు. ముగ్గురు నలుగురు కో-లీడర్లు, వాళ్లు వేర్వేరు వేళల్లో ఉండేవాళ్లయితే సరిపోతుంది.

## ఊరివాళ్లతోనా, పరాయివాళ్లతోనా

ఊరి క్లాన్ వైపు మాట్లాడేవాళ్ల దగ్గర గట్టి కారణాలున్నాయి. తుపాను వస్తే పలాస, ఉద్దానం వైపు కరెంటు రోజుల తరబడి ఉండదు, 2018 అక్టోబరులో తితలీ అప్పుడు అదే జరిగింది. ఎటాక్ ఎందుకు వేయలేదో ఊరివాళ్లకి చెప్పనక్కర్లేదు. సిరిమానోత్సవం మంగళవారం విజయనగరంలో ఎవరూ ఫోను చూడరని తెలిసిన నాయకుడు ఆ ముందు రెండు రోజులూ వార్ పెట్టడు. సంక్రాంతి జనవరి మధ్యలో వస్తుంది కాబట్టి నెల మొదట్లో జరిగే లీగ్‌కి అడ్డం రాదు, మామూలు వార్‌లు మాత్రం ఆపుకోవాలి. ఇవన్నీ పంజాబ్ నాయకుడికి వివరిస్తూ కూర్చోవాలి.

అవతలి వాదనా తేలికది కాదు. ఊరి క్లాన్‌లో అందరికీ ఒకేసారి పండగ, ఒకేసారి పరీక్షలు. ఇంటర్, డిగ్రీ కుర్రాళ్లే నిండి ఉంటే మార్చిలో క్లాన్ మూత పడినట్టే. పైగా బయటి పేచీలు లోపలికి వస్తాయి. వరసకి బావ అయినవాణ్ని రెండు ఎటాక్‌లు మానేశాడని గెంటితే పెళ్లి భోజనాల దగ్గర మాట పడాలి, అందుకని గెంటరు, అందుకని వార్‌లు ఓడుతుంటారు. పరాయివాళ్ల క్లాన్‌లో మాట కరుకు, నియమం మాత్రం సూటి. భాష చూస్తే, ఎక్కువ భాగం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు, లేదా హిందీ. చేబదులు ఆటకి హిందీ నాలుగు ముక్కలు చాలు. స్క్వాడ్ ఆటలో అలా కాదు, "ఎనక, ఎడం పక్క, గోడ మీద" అన్నది అర సెకనులో అర్థమవ్వాలి. అక్కడ సొంత యాసకి మించిన ఆయుధం లేదు.

రెండింటి మధ్యా రాజీ ఒకటి నడుస్తోంది: ఊరి నేస్తాలు నలుగురైదుగురు కలిసి, జనం ఉన్న పెద్ద క్లాన్‌లోకి ఒకేసారి వెళ్లడం. చేర్చుకునేవాళ్లకి ఐదుగురు ఒకేసారి దొరకడం లాభం. వీళ్లకి లోపల మాట్లాడుకునే తోడు ఉంటుంది. ఇబ్బందల్లా ఒకడు అలిగితే ఐదుగురూ వెళ్లిపోవడం, అందుకే కొన్ని క్లాన్‌లు గుంపుల్ని రానివ్వవు.

## డబ్బు, పాస్‌వర్డ్, చట్టం

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆమోదించాక "ఆటలన్నీ బందా?" అన్న గందరగోళం ఇళ్లల్లో మొదలైంది. గెలిస్తే డబ్బొస్తుందన్న ఆశతో డబ్బు కట్టి ఆడేవాటిని ఆ చట్టం నిషేధించింది, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడలేదు. గిల్డ్‌లో చేరి ఆడుకోవడం దాని కిందికి రాదు. జెమ్స్, పాస్ కొనుక్కోవడం పందెం కాదు. కానీ కొన్ని గిల్డ్‌లు కస్టమ్ రూమ్‌లు (పిలిచినవాళ్లతోనే ఆడే విడి మ్యాచ్‌లు) పెడతాయి: మనిషికి 30 రూపాయలు, 40 మంది, 1200 జమ, గెలిచినవాడికి 800, నిర్వాహకుడికి 400. చట్టం నిర్వచనంతో పోల్చి చూస్తే ఇది డబ్బు ఆటే. గుర్తింపు పొందిన ఈ-స్పోర్ట్స్ పోటీల ప్రవేశ రుసుము వేరు సంగతి, వాటికి చట్టంలోనే చోటుంది. వాట్సాప్ గ్రూపులో ఫోన్‌పే నంబరు పెట్టి వసూలు చేసేది దాని కిందికి రాదు.

ఐడీ అడిగే గిల్డ్ ఇంకో ప్రమాదం. "నువ్వు పరీక్షల్లో ఉన్నావు కదా, నీ ఎటాక్ నేను వేస్తా" అని మంచి మాటతోనే మొదలవుతుంది. సూపర్‌సెల్ ఐడీకి మెయిల్‌లో వచ్చే ఆరంకెల కోడ్ చెబితే ఇంటి తాళంచెవి ఇచ్చినట్టే. ఆ కోడ్ ఏ నాయకుడికీ అక్కర్లేదు, ఎందుకంటే ఆడలేనివాణ్ని వార్ నుంచి పక్కన పెట్టే వీలు ఆటలోనే ఉంది.

## బయటపడేటప్పుడు తేదీలు చూసుకోవాలి

రెండు మూడు వారాలు చూశాక కుదరలేదనిపిస్తే వెళ్లిపోవడంలో తప్పు లేదు. ఎప్పుడు వెళ్లామన్నది మాత్రం లెక్కలోకి వస్తుంది. లీగ్‌లో ఒక క్లాన్ తరఫున పేరు నమోదయ్యాక ఆ నెల ఇంకో క్లాన్ తరఫున లీగ్ ఆడలేరు, అది 10, 11 తేదీల దాకా నడుస్తుంది. రైడ్ వీకెండ్, అంటే క్లాష్‌లో క్లాన్ అంతా కలిసి చేసే వారాంతపు దాడి, మన వేళ ప్రకారం శుక్రవారం మధ్యాహ్నం 12:30 నుంచి సోమవారం 12:30 దాకా. ఒక క్లాన్‌లో ఎటాక్ మొదలుపెట్టాక ఆ వీకెండ్‌కి అదే క్లాన్. క్లాన్ గేమ్స్‌లో తెచ్చిన పాయింట్లు తెచ్చిన చోటే ఉండిపోతాయి, వెంట రావు.

మూడూ తగలకుండా చూసుకుంటే నెలలో రెండు సందులు కనబడతాయి. లీగ్ ముగిశాక 22 లోపు ఒకటి, 28 దాటాక నెలాఖరులోగా ఇంకోటి, రెండింట్లోనూ సోమవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం మధ్యాహ్నం మధ్యలో. రెండో సందులో వెళితే ఒకటో తారీఖున మొదలయ్యే లీగ్‌కి కొత్త క్లాన్‌లో పేరు ఇచ్చుకోవచ్చు. ఫిబ్రవరిలో మాత్రం ఆ సందు ఉండదు, లీపు సంవత్సరమైతే ఒక్క రోజే.